నోరు తెరువు తల్లీ

"నోరు తెరువప్పా, ఇంకొక్క చెంచా."

"వెలుతురుకు అడ్డం నిలబడుకోనుండావు మే."

"జరుగుతాలే. తెరువు."

మా ఆయనకూ నాకూ మధ్య చివరి మాటలు ఇవే. నేను కిటికీ దగ్గరి నుంచి పక్కకు జరిగాను. ఆయన నోరు తెరిచి గంజి మింగాడు. తర్వాత మళ్ళీ మాట్లాడలేదు. ఆ సాయంత్రమే పోయాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళు "చివరికి ఏమన్నాడు?" అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పోతూ పోతూ పెళ్ళానికి ఒక మంచి మాట చెప్పకుండా ఈ వెలుతురు గొడవ ఏమిటనుకున్నట్టున్నారు. నాకు మాత్రం అంతకంటే మంచి మాట అక్కరలేదు. ఆ మాట మేమిద్దరం ఒకే ఆసుపత్రిలో పనిచేసిన రోజుల్లోది. దాని వెనక ఒక పిల్ల ఉంది.

ఈ కథ ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మా మరిది మనవరాలు ఈ మధ్యే నర్సు ఉద్యోగంలో చేరింది. ఇందాక వచ్చి, వాళ్ళ ఆసుపత్రికి ఒళ్ళంతా ఎర్ర మచ్చలతో ఒక పిల్లవాడు వచ్చాడని చెప్పింది. తట్టేమోనని, అదే మీజిల్సేమోనని, గొంతులో దూదిపుల్ల తిప్పారట, రక్తం తీశారట, రెండూ మంచుపెట్టెలో పెట్టి పరీక్షకు పంపారట.

"జవాబొచ్చేదాకా పిల్లోణ్ణి యాడ పెట్టినారు?" అని అడిగాను.

"యాడ పెడతామవ్వా, అందరితో పాటు బెంచీ మీదనే కూచోబెట్టినాం" అంది.

నాకు ఒళ్ళు మండింది. "కాగితం తీసుకో, నేను చెప్తా, నువ్వు రాయి. మీ ఆసుపత్రిలో ఉండే నర్సు పిల్లలందరూ చదవల్ల" అన్నాను. నాకు సంతకం పెట్టేంత వరకే చదువు. అందుకని మాటలు నావి, అక్షరాలు దానివి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. డోన్ దాటినాక రోడ్డు పక్కన ఒక చిన్న ఊళ్ళో సర్కారు మందుల ఆసుపత్రి. ఒక హాలు, డాక్టరు గది, మందులు కలిపే గది, వెనక పెట్టెలు పడేసే ఒక చీకటి కొట్టు, అంతే. మా ఆయన చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి మశూచి టీకాలు వేసేవాడు. నేను ఆయాను. ఊడ్చడం, కట్లు ఉతకడం, పిల్లల్ని పట్టుకోవడం నా పని. పిల్లల్ని పట్టుకోవడమంటే ఊరికే కాదు. నా గొంతు చిన్నప్పటి నుంచీ ఇట్లాగే గరగరమంటుంది. నాకూ మా తమ్ముడికీ వచ్చిన తట్టు వాణ్ణి తీసుకుపోయింది, నాకు ఈ గొంతు మిగిల్చింది. నేను జోలపాట మొదలుపెడితే ఏడ్చే పిల్లలు భయపడి ఊరుకునేవాళ్ళు. "నీ పాట మందు కంటే గట్టిగా పనిచేస్తాది మే" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

డాక్టరు కోస్తా వైపు నుంచి వచ్చినవాడు. వయసు చిన్నది, పెళ్ళి కాలేదు. మా కారం తిని కన్నీళ్ళు పెట్టుకునేవాడు. మంచివాడే. మా మాట మాత్రం ఆయనకు సరిగా పట్టుబడలేదు.

అసలు తప్పు అక్కడే జరిగింది. మా సీమలో ఒంటి మీద ఏది పోసినా దాని పేరు పలకరు. తట్టు అనరు, మశూచి అనరు. "అమ్మ వచ్చింది" అంటారు. చిన్నది, అంటే తట్టు, వచ్చినా అమ్మే; పెద్దది, అంటే మశూచి, వచ్చినా అమ్మే. ఇంట్లో వాళ్ళకు ఏ అమ్మో తెలుస్తూనే ఉంటుంది, కానీ నోటితో చెబితే ఆమెకు కోపం వస్తుందని భయం. పైగా పిల్లకు తల నుంచి కాలి దాకా పసుపూ వేపాకూ నూరి పూస్తారు. ఇక చర్మం కనిపించదు. ఎర్ర మచ్చలా, నీటి పొక్కులా అని చూడాలంటే కడగాలి. తలకు నీళ్ళు పోసే రోజు వచ్చేదాకా కడగనివ్వరు.

ముందటి ఎండాకాలంలో ఒక పిల్లవాణ్ణి అట్లాగే తెచ్చారు. వాళ్ళ నాయన "అమ్మ వచ్చింది సామీ" అన్నాడు. ఆ సంవత్సరం చుట్టుపక్కల మశూచి తిరుగుతోంది. హాలు నిండా జనం. అందరూ కేకలు పెట్టి లేచిపోయారు. ఆ గందరగోళంలో నిదానంగా చూసే వీలెవరికుంది? మశూచి వచ్చినవాళ్ళను పెట్టడానికి ఊరి బయట ఒక కొట్టం ఉండేది. మా ఆయనే బండి పక్కన నడిచి పిల్లవాణ్ణి అక్కడ దించి వచ్చాడు. వాడికి వచ్చింది ఉత్త తట్టు. పసుపు రాలి మచ్చలు కనబడేసరికి ఆలస్యమైంది. తట్టు తగ్గుతుండగా ఆ కొట్టంలోనే అసలు మశూచి పట్టుకుంది. బతికాడు, కానీ ఒక కన్ను పోయింది.

మా ఆయన ఆ ఊరి మీదుగా పోయినప్పుడల్లా సైకిలు దిగి, వాడి ఇంటి ముందు కాసేపు కూర్చుని వచ్చేవాడు. "ఏం మాట్లాడినావు?" అంటే "వాడు గోలీలాడుతాంటే చూసినా" అనేవాడు.

డాక్టరు కూడా అప్పటి నుంచి మారాడు. ఒక మధ్యాహ్నం హాలు ఖాళీగా ఉన్నప్పుడు మమ్మల్నిద్దరినీ పిలిచి కూర్చోబెట్టాడు. పొక్కులో నీరు తీసి మద్రాసుకు పంపితే పరీక్ష చేసి చెబుతారని, ఆ జవాబు వచ్చేలోపల పిల్లకు జరగాల్సింది జరిగిపోతుందని, తట్టుకు మాత్రం మన చేతిలోనే ఒక పరీక్ష ఉందని చెప్పాడు. అదేమిటంటే నోరు. తట్టు మచ్చలు ఒంటి మీదికి రాకముందే బుగ్గ లోపల, వెనక పళ్ళ ఎదురుగా, తెల్లటి చుక్కలు వస్తాయి. ఎర్రటి బట్ట మీద ఉప్పు రవ్వ చల్లినట్టుంటాయి. మచ్చలు బయటికి వచ్చిన ఒకటి రెండు రోజుల్లో అవి మాసిపోతాయి.

"కాబట్టి ఎవరైనా అమ్మ అనగానే ఆ రోజే చూడాలి. రేపు చూద్దామంటే రేపటికి ఉండవు" అన్నాడు. "అవి కనబడితే తట్టు. కనబడకపోతే తట్టు కాదని మాత్రం అనుకోకూడదు."

ఆ తర్వాత పిల్లలెవరు వచ్చినా, కాలి పుండుకు వచ్చినా సరే, నోరు తెరిపించి బుగ్గ లోపల చూడడం మాకు అలవాటైంది. మంచి నోరు ఎట్లా ఉంటుందో తెలిస్తేనే కదా చెడ్డది తెలిసేది. చెంచా కాడ వేడినీళ్ళలో ముంచి మా ఆయన చూసేవాడు, నేను తల పట్టుకునేదాన్ని. పట్టుకునే ఆదుర్దాలో ప్రతిసారీ పోయి కిటికీకి ఎదురుగా నిలబడేదాన్ని. "వెలుతురుకు అడ్డం నిలబడినావు మే!" అని ఆయన అరిచేవాడు. అందరి ముందు అరుస్తాడని నాకు మంట. ఇంటికి పోయినాక కూర ఉప్పగా ఉండేది.

ఇక ఆ రోజు సంగతి.

సంత రోజు. ఎండ చుర్రుమంటోంది. హాల్లో పిల్లతల్లులు కిక్కిరిసి ఉన్నారు. వాకిట్లో బండి ఆగింది. పెద్ద రైతుల ఇంటి బండి. లోపల ఒక అవ్వ, ఆమె కోడలు, కోడలి ఒళ్ళో ఐదేళ్ళ లోపు పిల్ల. పిల్ల పసుపు ముద్దలా ఉంది. దగ్గు మీద దగ్గు. కళ్ళు ఎర్రగా నీళ్ళు కారుతున్నాయి.

అవ్వ బండి దిగకుండానే "మా ఇంటికి అమ్మ వచ్చిండాది" అంది.

హాల్లో సగం మంది లేచారు. డాక్టరు గడప మీదికి వచ్చి చేయి అడ్డం పెట్టాడు. "ఎవరూ పరుగెత్తొద్దు. బండి లోపలికి రావద్దు. నేనే వస్తాను" అన్నాడు. మా ఇద్దరి వైపు తిరిగి, "మీకు చిన్నప్పుడు తట్టు వచ్చిందా?" అని అడిగాడు. ఇద్దరికీ వచ్చింది. "అయితే మీరిద్దరే రండి. తక్కినవాళ్ళు దగ్గరికి రాకూడదు" అన్నాడు. మందులు కలిపే ఆయన బతుకుజీవుడా అని లోపలే ఉండిపోయాడు.

బండిని పక్కకు, గోడ నీడలోకి తోలించాం.

"ఎప్పుడొచ్చినాయి మచ్చలు?" అని నేను కోడలిని అడిగాను.

"నిన్న పొద్దున చెవుల ఎనక చూసినా. పసుపు రాయకముందు" అంది ఆమె మెల్లగా.

"నువ్వు గమ్మునుండు. పేరు పలకద్దు" అని అవ్వ కసిరింది. "మేం అమ్మ కోసం రాలేదు సామీ. ఆమె ఇష్టమొచ్చినప్పుడు వచ్చింది, ఇష్టమొచ్చినప్పుడు పోతాది. బిడ్డ ఊపిరి తీసుకోలేకుండాది. దగ్గుకు మందియ్యి. అంతే."

బండి తోలే అతను ఇంకో సంగతి చెప్పాడు. వాళ్ళ ఊరి మునసబు అమ్మ అనే మాట వినగానే, పిల్లను ఆసుపత్రిలో చూపించి నేరుగా కొట్టంలో దించి రమ్మన్నాడట. దించితే తప్ప బండి ఊళ్ళోకి రానివ్వనన్నాడట. ఆ మాట వినగానే కోడలు పిల్లను గట్టిగా హత్తుకుంది. అప్పటికి ఆ కొట్టంలో మశూచి రోగులు ముగ్గురో నలుగురో ఉన్నారు.

మా ఆయన పిల్ల చేయి పట్టుకుని భుజం దగ్గర పసుపు గోటితో గీకి చూశాడు. టీకా మచ్చ లేదు.

"ఏమవ్వా, ఈ పాపకు నేను టీకా వెయ్యలేదే? మీ ఇంటికి వచ్చిన్నే!"

"నువ్వా సూదోడివి!" అవ్వ ఆయన్ని గుర్తుపట్టింది. "నువ్వొచ్చిన నాడు బిడ్డను గాదెలో దాచిపెట్టినా."

"గాదెలో కొర్రలుండాయంటివే."

"కొర్రల మీదనే కూచోబెట్టినా."

ఇంకో రోజైతే నవ్వేవాళ్ళం. టీకా లేదంటే ఇది పెద్దదైనా కావచ్చు. చిన్నదైతే, టీకా లేని ఈ పిల్లను ఆ కొట్టంలో దించడమంటే చేజేతులా మశూచిలోకి తోసినట్టు. ఒక కన్ను పోయిన పిల్లవాడు మా ముగ్గురికీ కళ్ళ ముందు మెదిలాడు. మచ్చలు వచ్చి అప్పుడే ఒక రోజు దాటింది. నోట్లో చుక్కలు ఉంటే ఈ పూట ఉండాలి.

డాక్టరు చెంచా తీసుకుని ముందుకు వంగాడు. "ఏదీ అమ్మాయ్, నోరు తెరు."

పిల్ల పళ్ళు బిగించింది. అవ్వ లేచి నిలబడింది.

"ఏంది సామీ, అమ్మకే ఆర్డరేస్తాండావా? అమ్మ నోట్లో ఇనుము పెడతావా? నీకు ఇంట్లో పెద్దోళ్ళు లేరా?"

"ఆమె అమ్మ కాదండీ, మీ మనవరాలు" అన్నాడు పాపం, ఆయన.

"ఇప్పుడు మనవరాలు కాదు!" అంది అవ్వ. "తోలప్పా బండి."

అతను పగ్గాలు అందుకున్నాడు. కోడలు "అత్తా, అత్తా" అంటోంది. డాక్టరు చెంచా పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. నేను ఎద్దుల ముందుకు పోయి నిలబడ్డాను. ఎందుకు పోయానో తెలియదు. ఏం చేయాలో తోచకపోతే అడ్డం నిలబడడం నాకు మొదటి నుంచీ అలవాటు.

అప్పుడు మా ఆయన ఒక పని చేశాడు. చెప్పులు విడిచాడు. తలగుడ్డ తీసి నడుముకు చుట్టుకున్నాడు. దేవుడూ లేడు, దయ్యమూ లేదు అని ఊళ్ళ మీద తిరిగే మనిషి, బండి పక్కన మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని ఆ పిల్లకు రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, తల్లీ. మా ఊరికి వచ్చినావు, శానా సంతోషం. ఎండలో వచ్చినావు, అలసిపోయుంటావు. ఒక్కసారి నోరు తెరువు తల్లీ. నీ నోట్లో ఏముందో చూసుకుని నీకేం కావల్లో అది పెడతాం."

అవ్వ చేయెత్తి బండి తోలే అతన్ని ఆగమంది. ఇట్లాంటప్పుడు అట్లాగే మొక్కాలి మరి. ఆమె ఇంట్లో నిన్నటి నుంచీ అందరూ అట్లాగే మొక్కుతున్నారు. మనిషి మొక్కుతుంటే కాదనడానికి ఆమెకు దారి లేదు.

పిల్ల ఆయన్ని ఎగాదిగా చూసింది. నిన్నటి నుంచీ ఇంటిల్లిపాదీ దండాలు పెడుతుంటే దానికీ కాస్త అమ్మతనం అబ్బినట్టుంది. దగ్గుతూనే వేలు చూపించి అంది: "నువ్వు తెరువు ముందు."

మా ఆయన నోరు తెరిచాడు. పిల్ల తల్లి ఒళ్ళోంచి ముందుకు వంగి, లోపల శ్రద్ధగా చూసింది.

"ఈడ పన్ను లేదే?"

"ఊడిపోయింది తల్లీ."

"ఎవరు కొట్నారు?"

"మా ఇంటిది" అన్నాడు ఆయన, నా వైపు చూపించి. ఇది పచ్చి అబద్ధం. చెరుకు కొరుకుతుంటే ఊడింది.

పిల్ల నన్ను చూసి కిసుక్కున నవ్వింది. నవ్వు దగ్గులోకి మళ్ళింది. దగ్గు ఆగినాక, తనంతట తనే, పెద్దగా నోరు తెరిచింది. నేను గబుక్కున పోయి తల పట్టుకున్నాను.

"వెలుతురుకు అడ్డం నిలబడినావు మే!"

జరిగాను. ఎండ నేరుగా పిల్ల నోట్లో పడింది. మా ఆయన ఇనుము మాట ఎత్తకుండా, కోడలు తెచ్చుకున్న గిన్నెలోని కొయ్య గరిటె అందుకున్నాడు. పిల్లకు చల్ల తాగించడానికి తెచ్చుకున్న గరిటె అది. దాని కాడతో బుగ్గను మెల్లగా పక్కకు జరిపాడు. డాక్టరు ఆయన భుజం మీదుగా వంగి చూశాడు. నేనూ చూశాను. ఎర్రటి బుగ్గ మీద ఉప్పు రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు. అప్పటికే కొన్ని మసకబారుతున్నాయి.

మా ఆయన గరిటె తీశాడు. ఆ మాట డాక్టరు నోటి నుంచే రావాలని ఆయన వైపు తిరిగాడు.

"ఏ అమ్మ సామీ?" అంది అవ్వ. ఇంతసేపు పేరు పలకనివ్వని మనిషే అడిగింది.

తట్టు అనే మాట డాక్టరు పెదాల దాకా రావడం నేను చూశాను. అనలేదు.

"చిన్నమ్మే అవ్వా" అన్నాడు. "పెద్దమ్మ కాదు."

అవ్వ బండి పట్టె పట్టుకుని బండిలోనే కూలబడి ఏడ్చింది. ఆమె అట్లా ఏడిస్తే తెలిసింది, పేరు పలకని ఆ మనిషి లోపల నిన్నటి నుంచీ ఎంత భయం దాచుకుందో.

అంతటితో అయిపోలేదు. ఈ మాట నర్సు పిల్లలు బాగా వినాలి. నోట్లో చూసి తట్టు అని తేలినాక డాక్టరు పిల్లను ఇంటికి పంపేయలేదు, హాల్లోకీ తేలేదు. అది ఒక పిల్ల నుంచి ఇంకో పిల్లకు గాలిలో పాకుతుంది. హాల్లో ఉన్న చంటివాళ్ళలో ఎంతమందికి అంటుకుంటే ఎంతమంది మిగులుతారో చెప్పలేం. పైగా తాను పొరబడి ఉండవచ్చని కూడా ఆయన మనసులో పెట్టుకున్నాడు. "కొట్టమూ వద్దు, హాలూ వద్దు. మూడో చోటు కావాలి" అన్నాడు. వెనక చీకటి కొట్టులోని పెట్టెలన్నీ నేనూ మా ఆయనా బయట పడేశాం. దానికి సందులోకి వేరే వాకిలి ఉంది. అటు నుంచి పిల్లనూ తల్లినీ లోపలికి తెచ్చాం. మచ్చలు నీటి పొక్కులు కాకుండా వాడిపోయేదాకా అక్కడే ఉంచాలన్నాడు. తట్టు వచ్చిందని కర్నూలుకు కబురు పంపాడు. మునసబుకు తనే చెబుతానని అదే బండిలో ఆ ఊరికి పోయాడు. ఇంటింటికీ తిరిగి ఇంకెవరికైనా దగ్గూ కళ్ళ ఎరుపూ ఉన్నాయా అని చూసి వచ్చాడు. ఇంకో ఇద్దరు పిల్లలు దొరికారు. ఈసారి ఎవరినీ నోరు తెరవమని ఆజ్ఞ వేయలేదట. ముందు తన నోరు తెరిచి చూపించాడట.

ఆ చీకటి కొట్టులో పిల్లకు ఊపిరి ఆడక అల్లాడిన రోజులు ఉన్నాయి. తల్లి అలసిపోతే నేను ఒళ్ళో వేసుకునేదాన్ని. తడిబట్ట పెట్టేదాన్ని, చల్ల పట్టేదాన్ని. ఒకసారి ఊరికే ఉండలేక పాట ఎత్తుకున్నాను. పిల్ల కళ్ళు తెరిచి నా గొంతు మీద చేయి పెట్టింది.

"నీకూ అమ్మ వచ్చిండాదా?" అంది.

"వచ్చిండె తల్లీ, నీయంత ఉన్నప్పుడు."

"పోయిందా?"

"పోయింది. పోతా పోతా గొంతు తీసుకోని పోయింది."

పిల్ల నా గొంతును ఇంకోసారి తడిమి చూసింది. "నేను పోయేటప్పుడు నీ గొంతు నీకిచ్చి పోతాలే" అంది.

అమ్మీ, ఆగు. కాస్త నీళ్ళు ఇయ్యి.

అది ఇవ్వలేదనుకో. గొంతు ఇట్లాగే ఉంది. కానీ పిల్ల లేచింది. మచ్చలు గోధుమ రంగుకు తిరిగి పొట్టు రాలిపోయాయి. తలకు నీళ్ళు పోసిన రోజు అవ్వ మాకు బొరుగులూ బెల్లమూ పంచింది. పిల్లకు బలం వచ్చినాక ఒకనాడు మళ్ళీ బండిలో వచ్చింది. పిల్ల చేయి పట్టుకుని మా ఆయన ముందుకు తోసింది. "ఏయప్పా సూదోడా, నీ సూది ఎయ్యి. గాదెలో దాచలేదు చూడు" అంది.

పిల్ల చేయి వెనక్కి లాక్కుంది. "నీ చెయ్యి చూపీ ముందు."

మా ఆయన చొక్కా పైకెత్తి తన టీకా మచ్చ చూపించాడు.

ఆయన తర్వాత చాలా ఊళ్ళు తిరిగాడు. మేము కడప వైపు కూడా బదిలీ మీద పోయాం. ఎక్కడికి పోయినా ఈ కథ చెప్పేటప్పుడు ఆయన తన మొక్కు సంగతి దాచి, అంతా డాక్టరుకే అంటగట్టేవాడు. తన నాస్తికత్వానికి మచ్చ పడుతుందని భయం. నేను మాత్రం ఇంట్లో ఊరుకునేదాన్ని కాదు. అన్నం పెట్టేటప్పుడు "నోరు తెరువు తల్లీ" అనేదాన్ని. "నువ్వు వెలుతురుకు అడ్డం తప్పుకో ముందు" అనేవాడు. మా ముసలితనం అంతా ఈ రెండు మాటల మీదే గడిచింది.

మీరు ఇప్పుడు దూదిపుల్లతో తీసి పంపుతారు, మంచిదే. మాకు అది లేక ఎండలో వెతుక్కున్నాం. కానీ పంపడం ఒక పని, జవాబు వచ్చేదాకా ఆ పిల్లను ఎక్కడ ఉంచావు, ఎవరిని దగ్గరికి పోనిచ్చావు, ఎవరికి కబురు చేశావు అన్నది ఇంకో పని. రెండో పనికి యంత్రం లేదు. ఇంకోటి. పిల్ల ఇంట్లోవాళ్ళు ఏ మాట అంటే అదేమిటో అడిగి తెలుసుకోండి. ఒక్క మాట అర్థం కాక ఒక పిల్లవాడికి కన్ను పోయింది. అడిగేటప్పుడు బతిమాలినట్టు అడగండి. నోరు దానంతట అదే తెరుచుకుంటుంది.

ఇక చాలు, నా నోరు నొప్పి పుడుతోంది. ఏమమ్మీ, అంతా రాసినావా? మొదటి నుంచి చదువు, విందాం. మీ తాత మాటలు ఉండే చోట మెల్లగా చదువు. ఏంది, అట్లా కళ్ళు చికిలిస్తాండావు? కనపల్లేదా?

ఓ, కిటికీ దగ్గర నేనే కూచోనుండా. జరుగుతాలే. ఇప్పుడు చదువు.